గోదారి గట్టు నుంచి గచ్చిబౌలి గది దాకా

భద్రాచలంలో గుడికి వెళ్లే దారిలో ఓ నెట్ సెంటర్. పొద్దున తొమ్మిదిన్నరకు పరీక్ష. చర్ల అవతలి పల్లె నుంచి తొలి బస్సుకు బయల్దేరిన కుర్రాడు ఎనిమిదిన్నరకే వచ్చి, గోడవైపు కంప్యూటర్ చూసుకుని కూర్చున్నాడు. ఓ ఐటీ కంపెనీ ఆన్‌లైన్ రాతపరీక్ష అది. తెర మీది కెమెరా అతణ్నే చూస్తుంటుంది. మైకు గదిలోని ప్రతి చప్పుడూ వింటుంటుంది. తల పక్కకు తిప్పితే ఓ హెచ్చరిక, ఇంకో గొంతు వినిపిస్తే మరో హెచ్చరిక. మూడు దాటితే పరీక్ష అక్కడితో ఆగిపోతుందని ముందే చెప్పారు.

రీజనింగ్ విభాగంలో ఉండగా వీధిలో మైకు మోగింది. తప్పిపోయిన ఓ భక్తురాలి పేరు రెండుసార్లు పిలిచి, సమాచార కేంద్రం దగ్గరికి రమ్మన్నారు. వెంటనే తెర మీద ఎర్ర అక్షరాలు: గదిలో మరొకరు మాట్లాడుతున్నారని. సెంటర్ నడిపే ఆయన లేచి కిటికీ మూశాడు. ఫ్యాన్ మోతకు కూడా పట్టేస్తుందేమోనని అదీ ఆపేశాడు. అసలే మే నెల. భద్రాచలం ఎండల గురించి ఈ జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాలంటే భయం, అదేం సైగ అనుకుంటుందోనని.

కోడింగ్‌లో రెండు ప్రశ్నలొచ్చాయి. మొదటిది పూర్తయింది. రెండోది సగంలో ఉండగా సమయం అయిపోయింది. ఆ తర్వాత కబురు లేదు. ఎంపికయ్యావనీ రాలేదు, కాలేదనీ రాలేదు. "రాలేదంటే రాలేదని ఒక్క మాట చెప్తే బాగుండేది సార్. ఎక్కడ పోయిందో తెలిస్తే అదే పట్టుకుని కూర్చుని చదువుకునేవాణ్ని కదా" అన్నాడు. అతని మాటలో కోపం లేదు. నాకైతే కోపమొచ్చింది.

ఖమ్మం నుంచి గోదావరి దాకా, అక్కణ్నుంచి మన్యం అంచు పల్లెల దాకా ఇలాంటి పిల్లలు ఎందరో. వాళ్లతో మాట్లాడేకొద్దీ ఒక సంగతి బలపడింది. చదువులో తేలిపోయి ఉద్యోగం జారవిడుచుకునేవాళ్లు ఉండొచ్చు. కానీ ఇంటర్వ్యూ గది ఎలా ఉంటుందో, అక్కడ కూర్చున్నవాళ్లు తమ నుంచి ఏం ఆశిస్తారో ముందుగా చెప్పే మనిషి లేక పోగొట్టుకునేవాళ్లు చాలామంది. పోయాక కూడా ఎందుకు పోయిందో వాళ్లకు చెప్పే దిక్కు లేదు.

బొగ్గుబావి, బడి, కంప్యూటర్

ఈ నేలకు పరీక్షలు కొత్త కాదు, కంపెనీలూ కొత్త కాదు. ఇల్లందు ప్రాంతంలో 1871లో విలియం కింగ్ బొగ్గు ఉందని తేల్చాక పుట్టిన గనులే తర్వాత సింగరేణి అయ్యాయి. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు క్వార్టర్లలో ఒక తరం మొత్తం 'నాన్న ఉద్యోగం నాకొస్తుంది' అన్న ధీమాతో పెరిగింది. సారపాక కాగితం మిల్లు, పాల్వంచ థర్మల్ కేంద్రం, అశ్వాపురం భారజల కర్మాగారం ఐటీఐ, డిప్లొమా చదివినవాళ్లకు ఆశ చూపించాయి. అవన్నీ కళ్లెదుట కనిపించే ఉద్యోగాలు. షిఫ్టు దిగి వచ్చే మేనమామను అడిగితే లోపల పనేమిటో, పరీక్షలో ఏమడుగుతారో చెప్పేవాడు.

ఏజెన్సీ పల్లెల్లో ఆ స్థానం టీచరు ఉద్యోగానిది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000 జనవరిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో నంబర్ 3ను మన్యంలో తెలియనివాళ్లు లేరు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. డీఎడ్, బీఎడ్ చేస్తే ఊరి దగ్గరే ఉద్యోగం అనుకున్న కోయ కుటుంబాలకు అది పెద్ద దెబ్బ. అన్న టీచర్ ట్రైనింగ్ చేసి ఎదురుచూస్తుంటే తమ్ముడు బీటెక్‌లో చేరిన ఇళ్లు ఆ తర్వాత కనిపిస్తున్నాయి.

బీటెక్ తలుపు అంతకుముందే తెరుచుకుంది. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో కూలికి పోయే ఇంట్లోంచి కూడా ఇంజినీర్లు వచ్చారు. ఖమ్మం చుట్టూ, పాల్వంచలో కాలేజీలు లేచాయి. గనుల చదువు కోసం 1978లో మొదలైన కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్‌లోనూ కంప్యూటర్ సైన్స్ చెప్పడం మొదలైంది. డిగ్రీ చేతికొచ్చింది. అయితే ఈసారి అడగడానికి మేనమామ లేడు. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను 1998లో ప్రారంభించారు. పాతికేళ్లు దాటినా గుండాల, చర్ల మండలాల్లో చాలా ఇళ్లకు సాఫ్ట్‌వేర్ ఆఫీసు లోపల ఎలా ఉంటుందో చెప్పగల బంధువు లేడు. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ లేదు. కూకట్‌పల్లిలో పెరిగిన కార్పొరేట్ కాలేజీ పిల్లకూ, ఆశ్రమ పాఠశాలలో చదివిన గుండాల పిల్లాడికీ ఒకే ప్రశ్న, ఒకే గడియారం.

గడప గడపకూ ఓ పరీక్ష

మొదటి గడప దగ్గర మనిషే ఉండడు. పది, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం ఉండాలని, బ్యాక్‌లాగ్ ఉండకూడదని, చదువు మధ్యలో ఎక్కువ విరామం ఉండకూడదని చాలా కంపెనీలు నియమం పెడతాయి. ఇంటర్‌లో 58 శాతం తెచ్చుకుని బీటెక్‌లో 80 తెచ్చుకున్నవాడు దరఖాస్తు దగ్గరే ఆగిపోతాడు. నాన్నకు జబ్బు చేస్తే ఏడాది మిర్చి పొలంలో గడిపిన పిల్లాడి కథ ఆ ఫారంలో రాయడానికి గడి లేదు. నా దృష్టిలో ఇది అన్నింటికంటే అన్యాయమైన గడప. పదహారేళ్ల వయసులో వచ్చిన మార్కులకు ఇరవై రెండేళ్ల వయసులో శిక్ష ఏమిటి?

రెండోది రాత పరీక్ష. లెక్కలు, ఇంగ్లిష్, రీజనింగ్, కోడింగ్. టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటివి ఇప్పుడు ఇంజినీరింగ్ పిల్లలకు ఎంసెట్ అంత పరిచయం. దీనికి తయారయ్యే మార్గాలు చాలానే ఉన్నాయి. యూట్యూబ్‌లో తెలుగులో చెప్పే పాఠాలు కొల్లలు. కోడింగ్ సాధనకు ఉచిత వేదికలూ ఉన్నాయి. ఫోన్‌లో సిగ్నల్ ఉన్నంతసేపు నేర్చుకోవచ్చు. ఊళ్లో సిగ్నల్ లేనివాళ్లు వారానికి సరిపడా వీడియోలు భద్రాచలంలో డౌన్‌లోడ్ చేసుకుని వెళ్తారు. పట్టుదలలో వీళ్లకు తక్కువేం లేదు.

మూడోది గొంతు పరీక్ష. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుంటే ఇంగ్లిష్ వాక్యం ఒకటి వినిపిస్తుంది. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. తర్వాత ఓ చిన్న కథ వినిపిస్తుంది, దాన్ని సొంత మాటల్లో చెప్పాలి. అవతల మనిషి లేడు, మార్కులు వేసేది మెషీన్. దుమ్ముగూడెం మండలం నుంచి వచ్చిన ఓ అమ్మాయి ఈ పరీక్ష గురించి చెబుతుంటే నాకు నోట మాట రాలేదు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. విన్న ఇంగ్లిష్‌ను ముందు తెలుగులోకి, ఒక్కోసారి కోయలోకి తెచ్చుకుని, మళ్లీ ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్తుంది. "నేను నోరు తెరిచేసరికి అది రెండో వాక్యం మొదలుపెడుతుంది సార్. ఒక్క క్షణం ఆగమనడానికి లేదు." మూడు భాషలు వచ్చిన పిల్లకు భాష రాదని మార్కు పడుతోంది.

నాలుగోది అసలు గది. టెక్నికల్ ఇంటర్వ్యూ.

ఇదే అమ్మాయి గచ్చిబౌలిలో ఓ కంపెనీ గదిలో కూర్చున్న రోజు గురించి చెప్పింది. ఎదురుగా ఉన్నాయన మర్యాదస్థుడే. నీళ్లు తాగమన్నాడు, కంగారు పడొద్దన్నాడు. లింక్డ్ లిస్ట్‌ను వెనక నుంచి ముందుకు తిప్పే ప్రోగ్రాం రాయమన్నాడు. ప్రాథమికమైన ప్రశ్న. ఆమెకు వచ్చు, ఖమ్మం హాస్టల్‌లో తోటి అమ్మాయిలకు తనే నేర్పింది. కాగితం దగ్గరికి లాక్కుని తల వంచుకుని ఆలోచించడం మొదలుపెట్టింది. మూడు పాయింటర్లు కావాలి, ముందుది, ఇప్పటిది, తర్వాతిది అని మనసులో అనుకుంటోంది. గది నిశ్శబ్దంగా ఉంది. కాసేపటికి ఆయన "ఏమైనా చెబుతారా?" అన్నాడు. ఆమెకు అది మందలింపులా వినిపించింది. "సారీ సార్" అంది. ఆయన ఆమెకు రాదనుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాటకముందే ఆ ప్రోగ్రాం మొత్తం చేతిలోని ఫైలు అట్ట మీద రాసేసింది. ఆ అట్ట నాకు చూపించింది. తప్పు లేదు.

అక్కడ జరిగిందేమిటో కంపెనీల్లో పనిచేసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు జవాబుతో పాటు ఆలోచన నడిచే దారి వినాలనుకుంటారు. తోచింది తోచినట్టు పైకి అనాలి. 'ముందు ఇలా చేద్దామనుకుంటున్నాను, ఇందులో ఈ చిక్కు ఉంది, కాబట్టి ఇలా మారుస్తాను' అంటూ మాట్లాడుతూనే రాయాలి. తప్పు చెప్పి దిద్దుకున్నా మార్కులు పడతాయి. మన బడుల్లో, ముఖ్యంగా ఆశ్రమ పాఠశాలల్లో నేర్పేది సరిగ్గా దీనికి ఎదురు. పెద్దవాళ్ల ముందు తొందరపడి మాట్లాడకు, పూర్తిగా తెలిస్తేనే చెయ్యెత్తు, తప్పు చెబితే నవ్వుతారు. పదిహేనేళ్లు అదే మర్యాదగా నేర్చుకున్న పిల్ల ఆ గదిలో అదే మర్యాద పాటించింది. ఆ మర్యాదే ఆమెకు అడ్డం పడింది. 'గట్టిగా ఆలోచించమ్మా, మాకు వినబడాలి' అని ఆయన మొదట్లోనే ఒక్క ముక్క చెప్పి ఉంటే?

ఆ తర్వాత ప్రాజెక్టు గురించి అడుగుతారు. ఇక్కడ మన కాలేజీల గురించి కూడా చెప్పుకోవాలి. చివరి ఏడాది ప్రాజెక్టును డబ్బిచ్చి తెచ్చుకోవడం మన రాష్ట్రాల్లో ఎంత మామూలైపోయిందంటే అమీర్‌పేటలో దానికోసమే దుకాణాలున్నాయి. నలుగురు విద్యార్థులు పంచుకున్న ఆ ప్రాజెక్టు గురించి రెండో ప్రశ్న పడితే నలుగురూ తడబడతారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

అందుకు భిన్నంగా బూర్గంపాడు వైపు కుర్రాడొకడు తన బుర్రతో చేసిన చిన్న పని పట్టుకెళ్లాడు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ లెక్క ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. నీటిమట్టం ఆ గీతలు దాటగానే ఊరివాళ్ల ఫోన్లకు తెలుగులో సందేశం వెళ్లేలా ప్రోగ్రాం రాశాడు. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే ఇంగ్లిష్ తప్పులు లెక్కచేయకుండా చెప్పుకుంటూ పోయాడు. నెట్ లేకపోతే ఏమవుతుంది, ఒకే సందేశం పదిసార్లు వెళ్లకుండా ఏం చేశావు, రాత్రిపూట ఎలా అని అవతలివాళ్లు అడుగుతూనే ఉన్నారు. ప్రతిదానికీ అతని దగ్గర జవాబుంది, ఎందుకంటే ఆ చిక్కులన్నీ అతను పడ్డవే. ఉద్యోగం వచ్చింది. ఈ ప్రాంతపు బీటెక్ పిల్లలకు నేను చెప్పగలిగిన సలహా ఇదొక్కటే: ప్రాజెక్టు కొనొద్దు. ఎంత చిన్నదైనా మీ ఊరి అవసరం మీద మీరే చేయండి. సొంత సంగతి చెప్పేటప్పుడు గొంతు వణకదు.

చివరిది హెచ్ఆర్. నైట్ షిఫ్ట్ చేస్తారా, పుణె వెళ్తారా, బాండ్ రాస్తారా అని అడుగుతారు. అమ్మాయిలకు ఇంకో ప్రశ్న అదనం: పెళ్లి ఎప్పుడు? అడగకూడని ప్రశ్న ఇది. అయినా అడిగేవాళ్లు ఉన్నారు.

ఇది మన ఒక్కరి బాధ కాదు

ఆ గదిలో నోరు పెగలకపోవడం అడవి అంచు పిల్లలకే జరుగుతుందనుకుంటే పొరపాటు. అమెరికాలో నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి 2020లో ఒక అధ్యయనం వెలువరించారు. 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు ఇంటర్వ్యూలో లాగే ఎదురుగా మనిషి చూస్తుండగా బోర్డు మీద రాసింది. రెండో జట్టు ఒంటరిగా గదిలో రాసింది. రెండు జట్లకూ ఒకే సమస్య ఇచ్చారు. చూస్తుండగా రాసినవాళ్ల ఫలితం ఒంటరిగా రాసినవాళ్లలో సగం కూడా లేదు. ఒంటరిగా రాసిన అమ్మాయిలంతా నెగ్గారు, ఎదురుగా మనిషి ఉన్నప్పుడు రాసిన అమ్మాయిల్లో ఒక్కరూ నెగ్గలేదు. చిన్న అధ్యయనమే, కాదనను. కానీ కెమెరాల కింద, కుర్చీల ఎదుట కూర్చోబెట్టి కంపెనీలు దేన్ని కొలుస్తున్నాయో ఆలోచించుకోవడానికి అది చాలు.

కంపెనీలకూ ఇది తెలియని విషయం కాదు. చిక్కు ప్రశ్నలు వేసి తెలివి పట్టుకుంటామని పేరు తెచ్చుకున్న గూగుల్‌లో సిబ్బంది వ్యవహారాల పెద్ద లాస్లో బాక్ 2013లోనే అవి శుద్ధ దండగ అని ఒప్పుకున్నారు. ఆపిల్ కంప్యూటర్లు వాడే ప్రోగ్రామర్లకు హోమ్‌బ్రూ అనే సాఫ్ట్‌వేర్ నిత్యావసరం. దాన్ని రాసిన మాక్స్ హోవెల్‌ను కూడా బోర్డు మీద బైనరీ ట్రీ తిప్పలేదని గూగుల్ కాదందట. 2015లో ఆయనే ఆ మాట బయటపెడితే ప్రపంచంలోని ప్రోగ్రామర్లంతా మాట్లాడుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1998లో ష్మిట్, హంటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ల పరిశోధనలను తిరగేసి ఒక మాట తేల్చారు. చేయాల్సిన పనిలోంచే ఓ నమూనా ఇచ్చి చేయించడం, అందరినీ ఒకే వరస ప్రశ్నలు అడిగి ఒకే కొలతతో మార్కులు వేయడం మంచి పద్ధతులు. తోచినట్టు అడుగుతూ పోయే ముచ్చట అంతగా పనికిరాదు. గోదారి సందేశాల కుర్రాడి విషయంలో జరిగింది మొదటి రకానికి దగ్గర. ఫైలు అట్ట మీద రాసుకున్న అమ్మాయికి దక్కింది చివరి రకం.

రాత్రి బస్సు, పగటి ఇంటర్వ్యూ

భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైమాటే. కొత్తగూడెం, ఖమ్మం, సూర్యాపేట మీదుగా రాత్రంతా ప్రయాణం. చర్ల, దుమ్ముగూడెంల నుంచి వచ్చేవాళ్లు సాయంత్రానికే భద్రాచలం చేరాలి. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ చూపిస్తే అమ్మాయిలకు జీరో టికెట్ ఇస్తున్నారు. ఇంటర్వ్యూకి పంపడానికి వెయ్యి రూపాయల దగ్గర ఆగిపోయే తల్లిదండ్రుల ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. సూపర్ లగ్జరీలో ఆ సౌకర్యం ఉండదు కాబట్టి వాళ్లు ఎక్స్‌ప్రెస్‌లోనే, వెనక్కి వాలని సీట్లో, మెలకువగానే తెల్లారబెడతారు. ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారతారు, లేదంటే అక్కడే దిగి స్నేహితురాలి హాస్టల్‌లో మొహం కడుక్కుని బట్టలు మార్చుకుంటారు. పది గంటలకు ఏసీ గదిలో కూర్చోబెట్టి 'మీ గురించి చెప్పండి' అంటారు.

కరోనా తర్వాత ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు పెరిగి ఈ ప్రయాణం కాస్త తగ్గింది. ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చేలా ఉంది. ఇంటర్వ్యూ జరుగుతుండగానే ఏఐని అడిగి జవాబులు చదివేవాళ్లు ఎక్కువై, కనీసం ఒక విడతైనా ముఖాముఖి పెడుతున్నామని గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు. కంపెనీల బాధ నిజమే. కానీ ఆ మోసానికి కట్టాల్సిన ధర రాత్రి బస్సెక్కే పిల్ల మీద పడుతోంది. నిజంగా మనిషిని చూడాలనుకుంటే కంపెనీవాళ్లు ఖమ్మం రాలేరా? రైలెక్కితే ఒక పూట ప్రయాణం.

పిలుపొచ్చాక కూడా

ఎంపికైతే గండం గట్టెక్కినట్టేనా అంటే అదీ లేదు. పెద్ద సర్వీసు కంపెనీల్లో కొత్తవాళ్ల తొలి జీతం ఏడాదికి మూడు లక్షల ముప్పై వేలకు అటూ ఇటూ. పదేళ్ల కిందటా మూడు లక్షల పైచిలుకే. హైదరాబాద్ హాస్టల్ అద్దె మాత్రం అక్కడే ఆగలేదు. 2023 ఫిబ్రవరిలో విప్రో ఆరున్నర లక్షల జీతానికి ఎంచుకున్న కొత్తవాళ్లను మూడున్నర లక్షలకు చేరతారా అని అడిగింది. ఇన్ఫోసిస్ 2022లో ఎంపిక చేసుకున్నవాళ్లలో దాదాపు 2,000 మంది చేరిక కోసం రెండేళ్లు ఎదురుచూశారని ఐటీ ఉద్యోగుల సంఘం నైటెస్ 2024లో కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. ఆ తర్వాత వాళ్లను చేర్చుకున్నారు. 2025 ఫిబ్రవరిలో మైసూరు క్యాంపస్ నుంచి 300 మందికి పైగా శిక్షణార్థులను పంపించేశారు. మూడు అవకాశాలిచ్చినా అంతర్గత పరీక్ష నెగ్గలేదన్నది కంపెనీ మాట. ఆఫర్ లెటర్ వచ్చిందని ఊరంతా మిఠాయి పంచిన ఇంట్లో రెండేళ్లు 'ఎప్పుడు చేరతావు రా' అన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఎలా ఉంటుంది? ఆ పిల్లాడు పండగకు ఊరికి రావడం మానేస్తాడు.

ఈ ఎదురుచూపుల్లోనే దళారులు దూరతారు. రిజిస్ట్రేషన్ ఫీజంటారు, ట్రైనింగ్ డిపాజిట్ అంటారు, లక్షన్నర ఇస్తే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తామంటారు. లేని అనుభవానికి సర్టిఫికెట్ పుట్టిస్తామంటారు, ఇంటర్వ్యూలో మీ బదులు వేరేవాడు మాట్లాడతాడంటారు. అసలైన కంపెనీ ఏదీ ఉద్యోగమివ్వడానికి అభ్యర్థిని డబ్బు అడగదు. ఈ ఒక్క వాక్యం ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసిపెట్టాలి. దొంగ అనుభవం పెట్టి చేరినవాళ్లు వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోతుంది, మచ్చ మిగులుతుంది. తల్లి పుస్తెలు కుదువపెట్టి తెచ్చిన డబ్బు అప్పటికే దళారి మింగేసి ఉంటాడు.

ఖమ్మంలోనే ఆ గది

2020 డిసెంబరు 7న ఖమ్మంలో ఇల్లందు క్రాస్ రోడ్ దగ్గర ఐటీ హబ్ తెరిచారు. అప్పటి ఐటీ మంత్రి కె. తారక రామారావు ప్రారంభించారు. హైదరాబాద్ వెళ్లకుండా సొంత జిల్లాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేయొచ్చన్నది దాని ఉద్దేశం. ఉద్యోగాలు ఎన్నొచ్చాయన్న చర్చ వేరు. నాకు ఆ భవనంలో మరో ఉపయోగం కనిపిస్తోంది. ఈ జిల్లాల పిల్లలు సాఫ్ట్‌వేర్ ఆఫీసు లోపలి గదిని మొదటిసారి చూడాల్సింది ఇంటర్వ్యూ రోజున కాదు, అంతకు ఏడాది ముందు, ఖమ్మంలోనే. అక్కడ కూర్చుని ఎదుటివాళ్లు చూస్తుండగా పైకి ఆలోచించడం, తప్పు చెప్పి దిద్దుకోవడం, తెలియకపోతే తెలియదనడం సాధన చేయాలి. పదిసార్లు కూర్చున్న గది భయపెట్టదు.

దీనికి కోట్లు అక్కర్లేదు. భద్రాచలంలో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ యువజన శిక్షణ కేంద్రం ఉంది. కొత్తగూడెం, పాల్వంచ, ఖమ్మం కాలేజీల్లో ఆదివారాలు ఖాళీగా ఉండే ల్యాబులున్నాయి. అక్కడే మంచి నెట్, నాలుగు గోడల నిశ్శబ్దం ఇస్తే ఆన్‌లైన్ పరీక్షకు నెట్ సెంటర్ కిటికీలు మూసుకునే పని తప్పుతుంది. ఇక కావాల్సింది ఎదుటి కుర్చీలో మనిషి. ఈ ప్రాంతం నుంచి వెళ్లి హైదరాబాద్, బెంగళూరుల్లో, అమెరికాలో ఇంటర్వ్యూలు చేసే స్థాయికి ఎదిగినవాళ్లు ఇప్పుడు ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పటికే ఆదివారం రాత్రుళ్లు ఫోన్లో జూనియర్లకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేస్తున్నారు. 'నాకు ఎవరూ చెప్పలేదన్నా, అందుకే నువ్వు అడిగితే కాదనలేను' అనే సీనియర్లు దొరకడం ఆ పిల్లల అదృష్టం. అదృష్టం మీద వదిలేయకుండా ఒక పద్ధతిలో పెట్టడం కాలేజీల పని, ఐటీడీఏ పని. కోయ, లంబాడా పిల్లలకు తమ భాష తెలిసిన సీనియరే ఎదురుగా ఉంటే మొదటి పది నిమిషాల బెదురు చాలావరకు పోతుంది.

కంపెనీలు చేయాల్సింది ఇంకా తక్కువ. ఇంటర్వ్యూ మొదట్లో మేం ఏం చూస్తామో ఒక నిమిషం చెప్పడం. పది, ఇంటర్ మార్కుల గోడ తీసేయడం. కాదనుకున్న ప్రతి ఒక్కరికీ రెండు వారాల్లో మెయిల్, అందులో ఏ విభాగంలో తగ్గిందో ఒక్క వాక్యం. రాత పరీక్ష మార్కులు విభాగాలవారీగా కంప్యూటర్‌లో ఎలాగూ ఉంటాయి, వాటిని పంపడానికి మనిషి కూడా అక్కర్లేదు. కెమెరా ముందు కూర్చోమని మూడు హెచ్చరికలు పంపగలిగిన వ్యవస్థ ఒక్క జవాబు పంపలేదా?

ఈ సాధన ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ఇక్కడి వాతావరణాన్ని బట్టే తేల్చుకోవాలి. చివరి ఏడాది పిల్లలకు కంపెనీల రిజిస్ట్రేషన్లు, తొలి పరీక్షలు సాధారణంగా జూలై, ఆగస్టుల్లో ఊపందుకుంటాయి. గోదావరి పొంగేదీ అప్పుడే. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర నీరు 71.3 అడుగులకు చేరింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు, కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అలాంటి వారంలో పరీక్ష పడ్డ పిల్లకు తేదీ మార్చమని అడిగే హక్కు కంపెనీలు ఇవ్వాలి, కాలేజీ ప్లేస్‌మెంట్ అధికారి ఆ పిల్ల తరఫున అడగాలి. శిక్షణ మాత్రం వరదలకు ముందే, మూడో ఏడాది పరీక్షలు అయిన వెంటనే జూన్‌లో పెట్టుకోవాలి. అప్పటికి చర్ల బస్సులు సమయానికే తిరుగుతుంటాయి.